మేజ్ ఆట నేర్పిన పక్కింటి అక్క

మేజ్‌గా ఆడదలచుకున్నవాళ్లకు మొట్టమొదట చెప్పవలసిన మాట ఒకటే: వెనక నిలబడండి. మేజ్ అంటే మంత్రాలు వేసే మనిషి. ఒంటి మీద నూలుబట్ట తప్ప ఇనుప కవచం ఉండదు. తోడేలు గట్టిగా ఒక్కసారి కరిచిందంటే సగం ప్రాణం పోతుంది. ఇది తెలియక కొత్తవాళ్లంతా చేతిలో నిప్పు పుట్టగానే వీరావేశంతో ముందుకు ఉరుకుతారు, చస్తారు, ఆట బాగాలేదని తిడతారు. ఆట బాగానే ఉంటుంది. వాళ్లకే చెబితే వినే బుద్ధి ఉండదు.

ఈ మధ్య మా ఆడబిడ్డ కూతురు ఇలాంటి ఆటేదో మొదలుపెట్టి, "అత్తా, నువ్వు మేజ్ ఆడేదానివంట గదా, నాకు చెప్పవా" అని ఫోన్ చేసింది. నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నాను. ఆ నాలుగూ నావి కావు. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ అక్కవి. ఆమె గురించి చెప్పకుండా మేజ్ గురించి చెప్పడం నాకు చేతకాదు. అదంతా ఫోన్‌లో చెప్పే కథ కాదు.

అప్పటికి తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. మా క్వార్టర్‌కీ అక్కవాళ్ల క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ. మేం మేకు కొడితే వాళ్లింట్లో సున్నం రాలేది. మా బాపు, వాళ్ల బాపు ఇద్దరూ బాయిలో పనిచేసేవాళ్లు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. అక్క నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. ఆమె డిగ్రీలో కంప్యూటర్లు తీసుకుందని పెద్దబాపు, అంటే వాళ్ల బాపు, ఒక సిస్టం కొనిపెట్టాడు. దానికి పెద్దమ్మ పూలపూల గుడ్డ కుట్టి కప్పింది. ఆ గుడ్డ తీసి మడతపెట్టడంతోనే మా మధ్యాహ్నాలు మొదలయ్యేవి.

చదువు పేరు చెప్పి కొన్న సిస్టంలో మేం ఆటే ఆడాం. ఎక్కడెక్కడివాళ్లో ఇంటర్నెట్‌లో ఒకేసారి వచ్చి ఆడే పెద్ద ఆట అది. అడవులు, గుహలు, పట్నాలు, నడిమధ్యన నీళ్లు చిమ్మే ఫౌంటెన్ ఉన్న ఒక చౌరస్తా. మనమొక మనిషిని తయారుచేసుకుని ఆ లోకంలో తిరగాలి. కత్తులవాళ్లను, బాణాలవాళ్లను అందరినీ చూసి అక్క మేజ్‌ని ఎంచుకుంది. నేనూ నాకో మేజ్‌ని చేసుకున్నాను, సిస్టం ఒకటే కాబట్టి వంతులేసుకుని ఆడేవాళ్లం. మా అమ్మ ఒకరోజు వచ్చి, తెర మీద చేతుల్లోంచి మంటలు తీస్తున్న ఆడమనిషిని చూసి గుండెలు బాదుకుంది. "మంత్రాలు నేర్చుకుంటున్నరా ఏందే? వాడకట్టుల తెలిస్తే మన బతుకేంగాను!" అంది. అక్క నవ్వాపుకుంటూ, "గివి సర్కారు మంత్రాలు చిన్నమ్మా, పరీక్షల అస్తయి" అని చెప్పింది. అమ్మ నమ్మేసింది. నాకు మార్కులు తక్కువొచ్చినప్పుడల్లా "ఆ మంత్రాలన్న సక్కగ చదువు" అనేది.

ఆ ఆటకు సంగీతం ఉందని చాలాకాలం దాకా నాకు తెలియదు. పెద్దబాపు రాత్రి షిఫ్టు చేసొచ్చి పక్కగదిలో పడుకునేవాడు. రాత్రి షిఫ్టు మనిషి పడుకున్న ఇంట్లో గిన్నె చప్పుడు కూడా చేయకూడదన్నది మా కాలనీ అంతటికీ చట్టం. అందుకని స్పీకర్ల వైరు పీకేసి, గుసగుసగా మాట్లాడుకుంటూ ఆడేవాళ్లం. పిడుగులు పడేవి, రాక్షసులు కూలేవి, అంతా మౌనంగా. నేను కేకవేయబోతే అక్క చేత్తో నా నోరు మూసేది. ఆ చేతికి ఎప్పుడూ ఉల్లిగడ్డ వాసన వచ్చేది. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, వంటంతా అక్కదే.

పాఠాలన్నీ ఆ గుసగుసల్లోనే నడిచాయి. "ముందుగాల కాళ్లు గడ్డకట్టియ్యి. అది మంచుల ఇరుక్కున్నంక నిప్పు వెయ్యి. దగ్గరికస్తే సిగ్గుపడకు, ఉరుకు. ఉరికినోళ్లే బతుకుతరు మేజ్‌లల్ల." నీలంగీత అయిపోవడం నాకున్న జబ్బు. నీలంగీత అంటే మంత్రం వేసే శక్తి. మొదటి తోడేలు మీదే అంతా ఖర్చుపెట్టి, రెండోది రాగానే చేతులు ఊపుకుంటూ నిలబడేదాన్ని. "పండుగ రోజే కూలంత తాగినోని లెక్క చేస్తున్నవేందే" అని నెత్తిన మొట్టేది. ఇంకొకటి చెప్పేది: జతలో కత్తివాడుంటే ముందు వాణ్ని కొట్టనియ్యాలి. నువ్వు ముందు కొట్టావంటే ఆ జంతువు కోపం నీ మీదికి తిరుగుతుంది. మా అత్తగారింట్లో కూడా ఈ పాఠం నాకు అక్కరకొచ్చింది.

ఇవన్నీ ఏ మేజ్ అయినా చెప్పేవే. ఒక్క పాఠం మాత్రం మా కాలనీలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా చెప్పరు. పెద్దబాపు బాయిలో షాట్‌ఫైరర్. బొగ్గుగోడకు రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చించే పని. ఒకరోజు నిద్రలేచి, భుజాన తువ్వాలతో మా వెనక నిలబడ్డాడు. తెర మీద గుహ. అక్క పెద్ద నిప్పుముద్ద విసిరింది, రాళ్లు ఎగిరాయి, పొగ కమ్మింది. ఆమె మనిషి ఆ పొగలోకి ఉరికింది. "ఏయ్, ఆగు!" అని పెద్దబాపు అరిచిన అరుపుకు నేను కుర్చీలోంచి లేచిపోయాను. "పొగ దిగకముందు లోపలికి పోతర్రా? పైకప్పు చూస్కోవద్దా? ఎవలు నేర్పిండ్రు నీకు?" అని నిజంగానే కోప్పడ్డాడు. అది బొమ్మ అని చెప్పినా వినలేదు. "బొమ్మైతేంది? అలవాటు అలవాటే" అని బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి అక్క నిప్పు వేశాక ఆగేది. పొగ మొత్తం దిగి, గుహ కప్పు కనబడేదాకా కదిలేది కాదు. నేనూ అంతే. ఆటలో దీనివల్ల పైసా లాభం లేదు, పైగా నష్టం. జతలో ఉన్నవాళ్లు పళ్లు కొరికేవాళ్లు, ఏ దేశంవాళ్లో ఇంగ్లీషులో బూతులు రాసేవాళ్లు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఎవరి వంతు వచ్చినా మేం మాత్రం పొగ అంచున నిలబడేవాళ్లం. వాళ్లు తిడుతుంటే అక్కకు నవ్వొచ్చేది. నవ్వు బయటికి వినిపించకుండా కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ నవ్వును ఇంకోసారి చూడాలని నాకు ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

అక్కకు పెళ్లి కుదిరింది. కొత్తగూడెం సంబంధం, అక్కడ కూడా బొగ్గుబాయి ఉద్యోగమే. బస్సెక్కే ముందు నన్ను పక్కకు లాగి, "ఐతారం మధ్యాహ్నం ఫౌంటెన్ కాడ ఉండు. నేనస్త" అంది. అందరూ మా ఏడుపు చూసి ముక్కున వేలేసుకున్నారు. కొత్తగూడెం ఏమన్నా లంకలో ఉందా అన్నారు. నాకు మాత్రం లంకకంటే దూరంగానే అనిపించింది.

ఏడాది తిరక్కుండా పెద్దబాపు రిటైరయ్యాడు. మా కాలనీ ఆడపిల్లలకు ఇదొక శాపం. ఊళ్లలో పుట్టినవాళ్లకు తల్లిగారిల్లు అంటే కూలినా కురిసినా ఎప్పటికీ అక్కడే ఉంటుంది. మాకు తల్లిగారిల్లు కంపెనీ క్వార్టర్. బాపు డ్యూటీ ఉన్నన్నాళ్లే అది మనది. రిటైరైతే తాళం అప్పగించాలి. పెద్దబాపువాళ్లు మంథని అవతల తమ పల్లెకు వెళ్లిపోయారు. "ఊర్లె కరెంటే సక్కగుండదు, గిదేం చేస్కుంటం" అని సిస్టంని, పూలగుడ్డతో సహా, మా ఇంట్లో పెట్టి వెళ్లారు. పక్క క్వార్టర్‌లోకి వేరేవాళ్లు దిగారు. ఇక అక్క ఈ కాలనీకి రావడానికి కారణమంటూ లేకుండా పోయింది. మేమిద్దరం కలుసుకోగలిగిన చోటు భూమ్మీద ఆ ఫౌంటెన్ ఒక్కటే మిగిలింది.

నేను ప్రతి ఆదివారం వెళ్లి నిలబడ్డాను. తెర మూలన మన దోస్తుల పేర్లుంటాయి. ఆటలో ఉన్నవాళ్ల పేరు పచ్చగా, లేనివాళ్ల పేరు బూడిదరంగులో కనబడుతుంది. అక్క పేరు బూడిదగానే ఉండేది. వచ్చేపోయేవాళ్లు గుహకు వస్తావా అని అడిగేవాళ్లు. మా అక్క కోసం చూస్తున్నానని రాసేదాన్ని. ఆమెకు వంట ఉంటుంది, అత్తగారుంటారు, ఇంట్లో సిస్టం ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు పక్కనే ఉండేవాళ్లు, "బాగున్నవా, బాగున్న" దగ్గరే మాట అయిపోయేది. అన్నీ తెలిసి కూడా ఆదివారం వస్తే నాకు ఆశ పుట్టుకొచ్చేది. ఆశకు సిగ్గుండదు.

ఒక ఆదివారం ఆ పేరు పచ్చబడింది. ఆమె మనిషి నా ముందుకొచ్చి నిలబడింది, గుహకు పోదామంది. పోయాం. నిప్పు వేసింది. పొగ కమ్మింది. ఆమె ఆగకుండా పొగలోకి ఉరికింది.

నేను అక్కడే నిలబడిపోయాను. "ఎవరు నువ్వు?" అని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. మా తెలుగునంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవాళ్లం. "నేను ఆమె మరిదిని. కాలేజీల చదువుత. వదిననే పాస్‌వర్డ్ ఇచ్చింది, మనిషి ఊకె పడి ఉంటున్నది, జర తిప్పుకరా అన్నది" అని రాశాడు. ఆ పిల్లవాడి తప్పేం లేదు. అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. తరవాత, "మీ వదినకు చెప్పు, ఐతారం ఐతారం నేను ఇక్కడనే ఉంటున్న అని" రాసి, సిస్టం కట్టేసి, గుడ్డ కప్పి, అమ్మ చూడకుండా ఏడ్చాను.

సమ్మెలు వచ్చాయి, పోయాయి. రాష్ట్రం వచ్చింది. కాలనీ అంతా రంగులు చల్లుకుని మిఠాయిలు పంచుకుంది, నేనూ ఎగిరాను. మా బాపు రిటైర్‌మెంట్ కూడా దగ్గరపడింది. ఇంట్లో నా పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఇంకొన్నాళ్లకు ఈ గోడకు ఇటువైపు కూడా మేం ఉండమని నాకు అర్థమవుతూనే ఉంది. ఆటలో పాతవాళ్లు చాలామంది మానేశారు. ఫౌంటెన్ దగ్గర ఒక్కోసారి నేనొక్కదాన్నే ఉండేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆ పేరు మళ్లీ పచ్చబడింది. మరిదే అనుకుని పలకరించలేదు. ఆమె మనిషి నడవడం రాక గోడకు గుద్దుకుని, తిరిగి, మళ్లీ గుద్దుకుని, ఎట్లాగో నా దగ్గరికి వచ్చింది. "పిల్లా" అని రాసింది. "ఏ కీ ఎక్కడుందో అంత మర్శిపోయిన. నవ్వకు."

నవ్వలేదు. మేం ఏ గుహకూ పోలేదు, ఒక్క తోడేలునూ కొట్టలేదు. ఆమె అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను. మా క్వార్టర్ల ఎవలున్నరు? నల్లా ఇంక పొద్దుగాలనే అస్తున్నదా? ఓపెన్‌కాస్టు బాయిల బాంబులు పేలిస్తే ఇంక గిన్నెలు కదులుతున్నయా? వెనక జామచెట్టు ఉన్నదా? చెట్టు కొట్టేశారని చెప్పలేక, కాయలు బాగా కాస్తున్నాయని రాశాను.

తరవాత రాసింది: "ఇగ ఆ దిక్కు నేను రానే రాను గదనే. ఎవలింటికి రావాలె?"

"మా ఇంటికి రా అక్కా" అన్నాను.

"తల్లిగారింటికి పోత అంటే పంపుతరు. పక్కింటికి పోత అంటే పంపుతరా?"

మా ఆటలో ఒకరికొకరు వస్తువులు ఇచ్చిపుచ్చుకునే గళ్లపెట్టె తెరిచాను. మేజ్‌కు ఇంకో విద్య ఉంది: వట్టిచేతుల్లోంచి రొట్టెలు, నీళ్లు పుట్టిస్తుంది. నీలంగీత ఖాళీ అయ్యేదాకా పుట్టించి ఆ గళ్లలో పెట్టాను. ఒక గడిలో ఆటలో నేను నేసిన బట్టతాను పెట్టాను. ఇంకో గడిలో నా దగ్గరున్న ఒకే ఒక్క ఎర్రరాయి పెట్టాను.

"ఏందే గివన్ని?" అంది.

"ఒడి పట్టు అక్కా. ఒడిబియ్యం" అని రాశాను. తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిలో బియ్యం పోసి, బట్ట పెట్టి సాగనంపడం మా దిక్కు ఆచారం.

వద్దంటుందేమో, పెట్టె మూసేస్తుందేమోనని ఆ గళ్లనే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆమె వైపు కూడా, ఒప్పుకున్నానన్నట్టు, పచ్చబడింది. అన్నీ తీసుకుంది. "పట్టిన" అని రాసింది. ఆ తరవాత, "లోపల్నుంచి పిలుస్తున్నరు, పోవాలె" అని రాసింది.

మేజ్ పుట్టించిన రొట్టెలకు ఒక గుణముంది. ఆటలోంచి బయటికి పోగానే అవి మాయమైపోతాయి. ఆ సంగతి నాకు చెప్పిందే అక్క. పోవాలె అని రాసినామె ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆటలోంచి బయటికి పోలేదు, పేరు పచ్చగానే ఉంది.