పసుపు రాసిన హద్దురాయి

విజయనగరం జిల్లాలో ఓ చిన్న పట్టణం శివార్లలో మా ఇల్లు. మా వీధి మురుగుకాలువ సగం మునిసిపాలిటీది, సగం పంచాయతీది. ఏ సగం ఎవరిదో తేలదు కాబట్టి పూడిక ఎవరూ తీయరు. వాన పడితే ఆ నీళ్లు మా వంటింట్లోకి వస్తాయి.

రెండు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, కిందటేడు ఆఫీసుకొకరు చొప్పున ఇద్దరు అధికారులు కలిసి సర్వేకి వచ్చారు. నెంబరు చెక్కిన హద్దురాయి దొరికితే చాలన్నారు. ఆ రాయి మా గుమ్మం పక్కనే ఉంది. కానీ అమ్మ దాన్ని అమ్మవారనుకుని, నేను పుట్టకముందు నుంచీ ప్రతి శుక్రవారం పసుపు రాస్తోంది. నెంబరు ఆ పూత కింద ఎక్కడో ఉండిపోయింది. నాకు ఒళ్లు మండి, చాకు పట్టుకుని రాయి ముందు కూర్చున్నాను.

"అమ్మోర్ని గోకీస్తావేట్రా? కళ్లు పోతాయ్!" అని అమ్మ అరిచింది.

అధికారులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెప్పులు విడిచి రాయికి దండం పెట్టి, హద్దు తేలలేదని రాసుకుని వెళ్లిపోయారు. ఇన్నేళ్లలో వాళ్లు కలిసి చేసిన పని ఆ దండం ఒక్కటే.

ఈ వానల్లో కూడా అమ్మ శుక్రవారం మానలేదు. చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, మురుగులో నిలబడి పసుపు రాస్తోంది.