బీరువాలో తర్కం

నిప్పు పుట్టించడం, చక్రం దొర్లించడం వంటి మహాఘట్టాల సరసన చరిత్రకారులు చేర్చడం మరిచిపోయినది ఒకటుంది. లెక్చరరుగారు ఉపన్యాసానికి బయల్దేరే ముందు ఇంట్లో సామాన్లను వరసగా తట్టి చూసుకుంటారు. కాగితం చూసి మాట్లాడటం ఆయనకు నామోషీ. ప్రాచీన గ్రీకు వక్తలు ప్రసంగంలోని ఒక్కో అంశాన్నీ మనసులో ఒక్కో గదిలో పెట్టుకుని, మాట్లాడేటప్పుడు ఆ గదుల్లో తిరుగుతూ ఏరుకునేవారట. వాళ్ళకు పాలరాతి మంటపాలు. ఈయనకు రెండు గదుల అద్దె వాటా.

పదకొండేళ్ళుగా ఆయన తాత్కాలిక లెక్చరరు. పర్మినెంటు పోస్టుకు బుధవారం ఇంటర్వ్యూ. ఆధునిక సాహిత్య చింతన మీద గ్రీకు వక్తృత్వ కళ ప్రభావం గురించి కమిటీ ముందు పాఠం చెప్పాలి. వక్త నడవడిని గుమ్మంలో పెట్టారు, శ్రోతల ఉద్వేగాన్ని పొయ్యి మీద, తర్కాన్ని పడకగది బీరువాలో. అవి మూడూ నేటి విమర్శలోకి ఎలా వచ్చాయన్నది కిటికీలో ఉంది.

బుధవారం పొద్దున్న తట్టుకుంటూ వెళ్తే బీరువా లేదు. గోడ మీద చెమ్మ మరక ఉంది.

"బీరువా ఏదే?" అని భార్యను కేకేశారు.

"నిన్న తమ్ముడి చేత ముందుగదిలోకి జరిపించానండీ. వెనకంతా తుప్పు పడుతోంది."

"అందులో నా తర్కం ఉందే!"

ముందుగదిలో కాఫీ తాగుతున్న బావమరిది నడుం పట్టుకుని మూలిగాడు. "ఉత్త తర్కమే అయితే అంత బరువుండదు బావా!"

"మీ బుర్రలో కూడా కాస్త జరుపుకోండి, సరిపోతుంది," అంది భార్య.

బస్సులో దారి పొడవునా జరుపుతూనే ఉన్నారు. జరిపిన ప్రతిసారీ ఖాళీ గోడ మీది మరకే ఎదురొచ్చింది.

కమిటీలో ముగ్గురు. గుమ్మం గండం గడిచింది. "కథ చెప్పేవాణ్ణి నమ్మొచ్చా అని ఈనాటి విమర్శకుడు అడిగేది, ఆనాడు వక్తను చూసి జనం అడిగిందే," అన్నారు. పొయ్యి దగ్గరా తడబడలేదు. పడకగదిలోకి అడుగుపెట్టారు. మరక.

"మూడోది?" అంది మధ్యలో కూర్చున్న పెద్దావిడ.

"మూడోది... తుప్పు పడుతోందండీ."

ముగ్గురూ కలాలు ఆపారు. ఆయన ప్రాణాలు అరచేత పెట్టుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తారు. "ఎదుటివాణ్ణి ఎలా ఒప్పించాలని గ్రీకులు అడిగారు. ఈ రచన మనల్ని ఎలా ఒప్పించిందని మనం అడుగుతున్నాం. ప్రశ్న వాళ్ళదే. మనం వచ్చి శ్రోత కుర్చీలో కూర్చున్నాం, అంతే."

పెద్దావిడ ఏదో రాసుకుంది. "బయట కూర్చోండి."

బల్ల మీద నలభై నిమిషాలు. తుప్పు అని రాసుకుందా? రాసుకునే ఉంటుంది. కాగితం చూసి గడగడా అప్పజెప్పే పోటీదారులు ఎంతమంది వస్తారో!

గుమాస్తా తలుపు తీశాడు. "సోమవారం చేరమన్నారండీ. ఇక్కడ సంతకం పెట్టండి."

"మరి మిగతావాళ్ళ ఇంటర్వ్యూలు?"

"దరఖాస్తు మీదొక్కటే వచ్చిందండీ."