కలిశాయని చెప్పింది నేనే

మావయ్య పోయాడని అత్తయ్య ఫోన్ చేసేసరికి నేను చిలకలూరిపేటలో, మా స్కూల్లో, తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. "అమ్మాయ్, మీ మావయ్య వెళ్లిపోయాడే. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడు, అంతే," అంది. బస్సెక్కి గుంటూరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. భయం మాత్రం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్లుగా నా గొంతులోనే ఉంది. ఇక దాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

మర్నాడు సమాధుల దగ్గర పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. నమ్మకస్తుడన్నారు, పనిమంతుడన్నారు. "చివరికొచ్చేసరికి పాపం చెయ్యి తప్పింది, పని మానుకున్నారు. అయినా ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు," అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. అలా ఊపినందుకే ఇప్పుడు ఇది రాయాల్సి వస్తోంది. మా మావయ్య చెయ్యి తప్పలేదు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పక్క సందులో, మేడ మీద గదిలో కెమెరాలు బాగుచేసేవాడు. ఫోన్లొచ్చాక కెమెరాలెవరు బాగుచేయించుకుంటారని మీరడగొచ్చు. పాత రీలు కెమెరాల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి కొరియర్‌లో పంపేవాళ్లు. వాటిలోనూ రేంజ్‌ఫైండర్ కెమెరాలే ఎక్కువగా వచ్చేవి.

వాటి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. ఆ కెమెరాలో లెన్సు వేరు, మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరు. కిటికీలోంచి చూస్తే మధ్యలో బొమ్మ రెండుగా కనపడుతుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకటవుతాయి. అప్పుడు నొక్కితే ఫొటో పదునుగా రావాలి. అయితే కిటికీ చెప్పే మాటా లెన్సు చేసే పనీ ఒకటి కావాలన్న హామీ ఏమీ లేదు. లోపల చిన్న మర ఒకటి ఏ కొంచెం కదిలినా తేడా వస్తుంది. మామూలు లెన్సులైతే ఆ తేడాను కడుపులో దాచుకుంటాయి. దీపం వెలుతురులో కూడా ఫొటో తీయగల పెద్ద కంటి లెన్సులు దాచుకోవు. వాటిని పూర్తిగా తెరిచి దగ్గర నుంచి తీస్తే, పదునుగా వచ్చేది నాలుగు వేళ్ల మందమైనా ఉండదు. కంటిమీద పెడితే చెవి మసకబారుతుంది.

మావయ్యకు ఆ లెన్సులంటే పిచ్చి. "ఫ్లాష్ కొడితే బిషప్పుగారైనా దొంగలాగే పడతాడమ్మాయ్. ఉన్న వెలుతురులో తియ్యాలి, కంటిమీద తియ్యాలి," అనేవాడు. పనిచేసే రోజు కారం చేత్తో ముట్టేవాడు కాదు. ఎంత కడిగినా వేళ్లకు ఉండిపోతుందని, కళ్లు నలుపుకుంటే ఆ పూట పని పోతుందని ఆయన భయం. పచ్చడన్నం కూడా స్పూనుతోనే తినేవాడు. "గుంటూరులో పుట్టి గోంగూర స్పూనుతో తినే మొగుణ్ని దేవుడు నాకే ఇచ్చాడు," అని అత్తయ్య చర్చిలో అందరి ముందూ అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అంత జాగ్రత్తపడ్డా కళ్లు దక్కలేదు. అరవై దాటాక చూపు మధ్యలో మచ్చ పడింది. పక్కలు కనపడతాయి, చూడాలనుకున్నది కనపడదు. డాక్టరు పెదవి విరిచాడు. మావయ్య మాత్రం పని మానలేదు. "వేళ్లున్నాయిగా. కళ్లు నువ్వివ్వు," అన్నాడు నాతో. ఈ సంగతి ఇంట్లో మా ముగ్గురికే తెలుసు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను గుంటూరులోనే ఆరాధనకు వెళ్లి, అట్నుంచటే ఆ గదికి పోయేదాన్ని. ఫిల్ము ఉండాల్సిన చోట ఆయన గరుకు గాజుముక్క బిగించేవాడు. నేను భూతద్దంతో ఆ గాజు మీద బొమ్మ చూడాలి, తర్వాత కిటికీలో చూడాలి, రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చెప్పాలి. ఆయన మర తిప్పేవాడు. "కలిశాయా?" "లేదు మావయ్యా, ఇంకొంచెం." "ఇప్పుడు?" "ఆ, కలిశాయి." ఆ మాట మీద ఆయనకెంత నమ్మకమంటే, మళ్లీ అడిగేవాడు కాదు. మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు."

ముందు గదిలో, మీటరు దూరంలో ఏటవాలుగా అంటించిన పేపరు మీద దగ్గర చూపు సరిచేసేవాళ్లం. తర్వాత డాబా ఎక్కి ఊరి చివరి సెల్ టవర్ మీద దూరం చూపు. దూరం దిద్దగానే దగ్గర మళ్లీ చెడుతుంది. "అత్తాకోడళ్లమ్మాయ్. ఒకరికి సర్దిచెబితే ఇంకొకరు అలుగుతారు," అనేవాడు మావయ్య. అందుకని మళ్లీ కిందికి దిగి దగ్గర చూడాలి, మళ్లీ డాబా ఎక్కాలి. రెండూ ఒప్పుకునేదాకా ఆ మెట్లు తప్పేవి కావు. ఆఖరి చూపు ఎప్పుడూ గదిలోనే, ఆ పేపరు మీదే. అది సరిపోయాక మర మీద గోళ్లరంగు చుక్క వేసి కదలకుండా చేసేవాడు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం పిడుగురాళ్ల దగ్గర పల్లె నుంచి వచ్చిన కెమెరా బల్ల మీద ఉంది. పంపినాయన కాలేజీలో లెక్చరరు. వాళ్ల నాన్నకు జబ్బు ముదిరిందనీ, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారనీ, త్వరగా ఇవ్వమనీ చీటీ పెట్టాడు. మేం మూడుసార్లు మెట్లెక్కి దిగాం. ఆఖరిసారి డాబా మీద మర ఇంకాస్త తిప్పితే టవర్ సరిపోయింది. గదిలోకొచ్చాం. ఆఖరి చూపు ఒక్కటే మిగిలింది.

మర్నాడు మా ఆడపడుచు వాళ్ల కొత్తింటి ప్రార్థన. నా జాకెట్టు సందు చివర టైలరు దగ్గరుంది. ఆదివారం ఒంటిగంటకల్లా కొట్టు కట్టేస్తాడు. పన్నెండూ యాభై అయింది. నేను భూతద్దం చేతిలోకి తీసుకున్నాను, కానీ కన్ను ఆనించలేదు. ఇందాక చూశాంగా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. "కలిశాయా?" అన్నాడు మావయ్య. "కలిశాయి," అన్నాను. ఆయన గోళ్లరంగు చుక్క పెడుతుంటే చెప్పులేసుకుని మెట్లు దిగేశాను. జాకెట్టు దొరికింది. దాన్ని మళ్లీ ఒంటిమీద వేసుకోలేకపోయాను.

రెండు నెలలకు లెక్చరరుగారి నుంచి ఫోనొచ్చింది. మావయ్య స్పీకర్ పెట్టాడు. అవతలాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాన్న పోయారండీ. మీరు పంపిన వారానికే. ముక్కులో గొట్టం తీసేసి, గెడ్డం గీసి, సాయంత్రం బయట కూర్చోబెట్టి తీశానండీ. దగ్గరగా తీసిన వాటిలో ఒక్కదాంట్లోనూ మొహం కుదర్లేదు. ఊరికే చెబుదామని చేశాను," అన్నాడు. ఫోన్లో తీసినవి లేవా బాబూ అని మావయ్య అడిగాడు. "ఉన్నాయండీ. అన్నీ ఆసుపత్రివే."

ఫోన్ పెట్టేసి మావయ్య నావైపు తిరిగాడు. "నువ్వు చూశావుగా. కలిశాయన్నావుగా. అంటే చుక్క పెట్టేటప్పుడు నా వేలే కదిలుంటుందమ్మాయ్," అన్నాడు. చూపుడువేలు ఎత్తి, దాన్నే తప్పుపడుతున్నట్టు బొటనవేలితో రుద్దుకున్నాడు. అప్పుడు చెప్పాలి. ఒక్క వాక్యం. నా నోరు తెరుచుకోలేదు. పిల్లలకు రోజూ నిజం చెప్పమని పాఠం చెప్పే నోరే అది.

ఆ వారంలోనే అత్తయ్యను తోడు తీసుకుని ఆ పల్లెకు వెళ్లొచ్చాడు. వచ్చాక బోర్డు దింపించేశాడు. బల్ల మీదున్న కెమెరాలన్నీ తిప్పి పంపేశాడు. "కావాలంటే ఇంకెవరినైనా చూడ్డానికి పెట్టుకోవచ్చుగా," అని అత్తయ్య అంటే, "వద్దులే, చాలు," అన్నాడట. పనిలేని మనిషి ఎలా చిక్కిపోతాడో ఆ రెండేళ్లలో చూశాను. నాతో మాత్రం ఏ తేడా లేదు. ఆదివారం నేను వెళ్తే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించేవాడు. చేత్తోనే కలుపుకుంటున్నాడు అప్పుడు, కారం అయినా సరే. అది చూసి నేను కంచంలోకి తల వంచుకునేదాన్ని. వచ్చేవారం చెబుదాం, క్రిస్మస్ కానిచ్చి చెబుదాం, మావయ్యకు జ్వరం తగ్గాక చెబుదాం. అలా దగ్గర దగ్గర వంద ఆదివారాలు పోయాయి.

భూస్థాపన అయిన నాలుగో రోజు, మావయ్య పాత కొరియర్ కవర్లలో వెతికి ఆ అడ్రసు పట్టుకున్నాను. ఆయనకు చెప్పలేకపోయింది కనీసం ఆ లెక్చరరుకైనా చెప్పాలి, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. పిడుగురాళ్ల వరకు బస్సు, అక్కడి నుంచి ఆటో. లెక్చరరుగారు వరండాలో కుర్చీ వేశారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. కళ్లు పోయిన సంగతి, ఆదివారాల సంగతి, జాకెట్టు సంగతి. "కలిశాయని చెప్పింది నేనండీ. చూడకుండా చెప్పాను. మావయ్య వేలు కాదు."

ఆయన కుర్చీ నావైపు జరిపాడు. "మీ మావయ్యగారికి తెలిసే ఉంటుందండీ," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు వచ్చినప్పుడు ఫొటోలు నన్నే వర్ణించి చెప్పమన్నారండీ. దూరంగా తీసినవి ఎలా ఉన్నాయని అడిగారు. కొండా, చేలూ బ్రహ్మాండంగా వచ్చాయన్నాను. దగ్గరవి మాత్రమే పోయాయా అన్నారు. అవునన్నాను. మళ్లీ అడిగారు, మళ్లీ చెప్పాను. ‘వేలు కదిలితే రెండూ పోవాలే,’ అని తనలో తను అనుకున్నారు. మంచినీళ్లిస్తే తాగలేదు. లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ‘నా వేలే తప్పింది బాబూ, క్షమించు,’ అన్నారు."

దూరం నిలిచి దగ్గర ఒక్కటే తప్పిందంటే, గదిలో ఆఖరి చూపు ఎవరూ చూడలేదనే. అంటే ఆయన పని మానింది తన వేలి మీద నమ్మకం పోయి కాదు. రెండేళ్లపాటు, నేను పక్కన కూర్చుని తిన్న ప్రతి ఆదివారమూ, ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను అడిగితే నేను మళ్లీ అబద్ధం చెబుతానని భయపడ్డాడా? నిజం చెబితే నేను తట్టుకోలేనని జాలిపడ్డాడా? ఇక ఎవరు చెబుతారు నాకు? అడగడానికి మట్టి తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇప్పుడు మీరు ఏడవకండి మేడమ్," అంటున్నాడు లెక్చరరు. లోపలికి పిలిచాడు. గోడకు ఆ దగ్గర ఫొటోల్లో ఒకటి ఫ్రేము కట్టించి పెట్టారు. పెద్దాయన మిరపకాయల బస్తాకు ఆనుకుని కూర్చున్నాడు. బస్తా మీద గోనెపోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కుట్టు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన తొడిమ కూడా కనపడుతోంది. దానికి జానెడు ముందున్న మొహంలో కళ్లు ఎక్కడున్నాయో పోల్చుకోవాల్సిందే.

వంటింట్లోంచి లెక్చరరుగారి అమ్మ వచ్చింది. నేనెవరో అడగలేదు. మేకు నుంచి ఫ్రేము దింపి ఒళ్లో పెట్టుకుంది, మొహం ఉన్న చోట అద్దం మీద నోటితో ఆవిరి ఊది, చీరకొంగుతో గట్టిగా రుద్దింది.

"ఎంత తుడిచినా ఇక్కడే మసకేస్తందమ్మా, ఏం అద్దమో," అని నాతో అని, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.