మూలకుళం రంపంలో ఒక నూలు తేడా

2024 జూలై 9, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. సముద్రపు గాలి ఇంకా మొదలు కాలేదు. నా సంచిలోని ఉష్ణమాపకం ముప్పై అయిదు డిగ్రీలు చూపుతోంది. పుదుచ్చేరికి పడమట మూలకుళంలో, కె. సరోజ గారి ఇంటి వరండాలో, ఒక చిన్న టేబుల్ సా ముందు మోకాళ్ల మీద కూర్చుని నేను మొదటి కొలత రాసుకున్న సమయం అది.

నేను మేట్టుపాళయం పారిశ్రామిక వాడలోని ఒక కర్మాగారంలో ముప్పై ఒక్క సంవత్సరాలు టూల్ రూమ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. విరమణ తరువాత చిన్న యంత్రాలను కొలతకు నిలబెట్టే పని పెట్టుకున్నాను. నా పుస్తకంలో ఇప్పటికి రెండు వందల పన్నెండు యంత్రాలు నమోదయ్యాయి. ఒకే లోపానికి నేను రెండుసార్లు వెళ్లవలసి వచ్చినది ఈ ఒక్కదాని కోసమే.

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోనుంచి పైకి తేలి తిరిగే గుండ్రటి రంపం. చెక్కను నిలువునా చీల్చేటప్పుడు అది పక్కకు జరగకుండా ఆనించి తోయడానికి బ్లేడుకు కుడివైపున ఒక అల్యూమినియం కమ్మీ ఉంటుంది. దానిని రిప్ ఫెన్స్ అంటారు. ఫెన్స్, బ్లేడు సమాంతరంగా ఉండాలి. ఫెన్స్ వెనుక కొస బ్లేడు వైపు వాలితే చెక్క రెండింటి మధ్య నలిగి, తోస్తున్న మనిషి మీదికే ఎగిరి వస్తుంది. ఈ ప్రమాదానికి కిక్‌బ్యాక్ అని పేరు.

అంతకు మూడు రోజుల ముందు, శనివారం, సరోజ గారికి జరిగినది అదే. చెక్క ముక్క ఎగిరి వచ్చి పక్కటెముకల కింద తగిలింది. ఆమె చిన్నపిల్లల బడి ఒకదానికి చెక్కతో లెక్కల కడ్డీలు చేసి ఇస్తారు. సెట్టుకు పది కడ్డీలు, నలభై సెట్లు, ప్రతి కడ్డీ వెడల్పు ఇరవై మిల్లీమీటర్లు. మొదటి విడత నాలుగు వందలూ వెనక్కి వచ్చాయి, పక్కపక్కన పేరిస్తే సందులు కనబడుతున్నాయని. రెండవ విడతకు గడువు 15వ తేదీ సోమవారం. అదీ తప్పితే పని వేరొకరికి పోతుంది. గడువు తప్పినా, మరొక దెబ్బ తగిలినా, రంపం ఇంట్లో ఉండకూడదని ఆమె అత్తగారు జయమ్మ తీర్పు చెప్పి ఉన్నారు.

"సార్, ఫెన్స్ వెనకాల ఒక నూలు లోపలికి పోతాది. నేను స్కేలు పెట్టి చూసినా" అన్నారు సరోజ గారు.

నేను పుస్తకంలో ఇలా రాసుకున్నాను: ఒక నూలు, అనగా దారపు మందం, సుమారు 0.3 మి.మీ. తరువాత ఫెన్స్‌ను కుడివైపు నుంచి బ్లేడు దిశగా తోసి, లివరు బిగించి, బల్ల మీద బ్లేడు పక్కన ఉండే మైటర్ స్లాట్ అనే గాడి నుంచి ముందు, వెనుక దూరాలు వెంట్రుక మందం తేడానైనా చూపే డయల్ గేజ్‌తో కొలిచాను. తేడా సరిగ్గా 0.3. నా అంచనా, నా కొలత కలిశాయి. కలిసిన అంకెను నేను ప్రశ్నించలేదు. రెండు మరలు వదులు చేసి, తేడాను 0.05కు తెచ్చి, బిగించి, పదకొండుంపావుకు లేచాను. చెక్క తోసేటప్పుడు దానికి ఎదురుగా కాక పక్కకు నిలబడమని మాత్రం చెప్పాను.

11వ తేదీ, గురువారం, ఉదయం ఏడు గంటల యాభై నిమిషాలకు ఫోను మోగింది.

"సార్, మళ్లా కొట్టింది. నేను పక్కన నిలబడుండా కాబట్టి సరిపోయింది. కట్టె పోయి గోడకు తగిలింది."

ఎనిమిదిన్నరకు అక్కడ ఉన్నాను. గోడకు సున్నం లేచిన గుంటను జయమ్మ గారే వేలితో చూపించారు.

"ఏంది సార్, మొన్న దీన్ని బాగు చేసినారా, దీనికి బలం మందు పెట్టినారా? అప్పుడు మనిషిని కొట్టింది, ఇప్పుడు గోడనే కొడతాంది."

"నువ్వుండత్తా" అని సరోజ గారు నా వైపు తిరిగారు. "సార్, ఒక నూలు అని చెప్పినా కదా. ఆ నూలు తీసినారా లేదా?"

"తీశానమ్మా. సున్నా పాయింట్ మూడు."

"అదేంది పాయింట్ మూడు? మీ మిల్లీమీటర్ల లెక్కలో నూలంటే మూడుకు పైన వస్తాది గదా!"

ఆమె తన ఉక్కు స్కేలు తెచ్చి, అంగుళాల వైపు మొదటి చిన్న గీత మీద గోరు ఆనించారు. "ఇదిగో. ఇంచికి ఎనిమిది నూలు. మా నాయన అరియాంకుప్పంలో వడ్రంగి. నేను అంకెలు నేర్చుకున్యే ముందే నూలు నేర్చుకున్యా. ఊరికే సుమ్మా చెప్తానా?"

"యానాంలో మా ఇంట్లో నూలంటే దారమేనమ్మా" అన్నాను.

"అయితే సార్ మొన్న వచ్చింది రంపానికి కాదే సరోజా," అన్నారు జయమ్మ గారు, "నీ రవిక కుట్టేదానికి."

అంగుళంలో ఎనిమిదో వంతు 3.175 మిల్లీమీటర్లు. అంత తేడా డయల్ గేజ్ కంటపడకుండా పోదు. మళ్లీ మూడుసార్లు కొలిచాను: 0.05, 0.04, 0.05. నా అంకె మారలేదు. ఆమె మాటా మారలేదు. రెండూ నిజమైతే, మేము కొలిచిన స్థితులు వేరై ఉండాలి.

ప్లగ్ తీయించి, "నేను ముట్టుకోను. మీరు పనిలో ఎలా పెడతారో అలాగే ఫెన్స్ పెట్టండి" అన్నాను.

ఆమె ఫెన్స్‌ను మొదట బ్లేడుకు తాకించారు. అక్కడి నుంచి కుడివైపుకు లాగి, స్కేలు మీద ఇరవై వచ్చాక లివరు నొక్కారు. నేను వెనుక కొస కొలిచాను. 3.1 మిల్లీమీటర్లు లోపలికి ఉంది.

మర వదులు ప్రభావం పడకుండా ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావడం టూల్ రూమ్ అలవాటు. నేను ఫెన్స్‌ను బ్లేడు వైపు తోశాను. ఆమె బ్లేడు నుంచి దూరంగా లాగారు. లాగినప్పుడు ఫెన్స్ తల, అంటే లివరు ఉన్న ముందు భాగం, కదులుతుంది; తోక వెనకబడి బ్లేడు దగ్గరే ఉండిపోతుంది. నా మంచి అలవాటే లోపాన్ని నా నుంచి దాచిపెట్టింది.

తొమ్మిది గంటల అయిదు నిమిషాలకు ఫెన్స్ మొత్తం విప్పాను. పట్టాల మీద జారే నైలాన్ ప్యాడ్లు ఒక పక్క అరిగి ఉన్నాయి. కమ్మీని తలకు పట్టే మరల రంధ్రాలు వెడల్పయ్యాయి. ప్యాడ్ల వెనుక అర మిల్లీమీటరు ఇత్తడి రేకు పెట్టి, మరలకు స్ప్రింగ్ వాషర్లు వేశాను. బ్లేడు పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగి ఉంటాయి కనుక ఒకే పన్నుకు రంగు పూసి, ఆ పన్నుతోనే ముందూ వెనుకా కొలిచాను. గాడికి బ్లేడు 0.06 తేడాలో ఉంది, చాలు. ఫెన్స్ వెనుక కొసను మాత్రం కావాలనే 0.1 బయటికి ఉంచాను, చెక్క నలగకుండా.

పరీక్ష నలభైసార్లు అని నిర్ణయించాం. ఇరవైసార్లు తోసి, ఇరవైసార్లు లాగి బిగించడం. బిగించేది ఆమె, కొలిచేది నేను. పదమూడవసారి 0.6 వచ్చింది.

"ఒక్కసారి తప్పితే ఏమి? పన్నెండు బాగానే వచ్చినాయి గదా, వదిలెయ్యండి" అన్నారు జయమ్మ గారు.

"ఆ ఒక్కసారే నా కడుపుకు తగిలేది అత్తా" అన్నారు సరోజ గారు. నా వైపు చూసి, "విప్పండి సార్. మొదటి నుంచి పెడదాం" అన్నారు.

విప్పాను. ఒక ప్యాడ్ తన గాడిలో సగమే కూర్చుంది. సరిగా కూర్చోబెట్టి, పన్నెండింటినీ కొట్టివేసి, ఒకటి నుంచి మొదలుపెట్టాం. నలభై కొలతలు ముగిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట నలభై. వెనుక కొస అనుకున్న స్థానం నుంచి అతి ఎక్కువగా తప్పినది 0.08. బ్లేడు వెనుక చెక్క మూసుకోకుండా ఆపే రివింగ్ నైఫ్ అనే రేకును ఎవరో తీసి పక్కన పెట్టి ఉన్నారు. అది తిరిగి బిగించాకే ప్లగ్ పెట్టనిచ్చాను. మొదటి కడ్డీ రెండు కొసల్లోనూ 20.0 వచ్చింది. సరోజ గారు రెండవ చెక్క చేతికి తీసుకున్నారు.

ఆ రోజు నుంచి ఏ యంత్రం దగ్గరైనా రెండు పనులు చేసిన తరువాతే గేజ్ బయటికి తీస్తాను. యజమాని చెప్పిన కొలతను స్కేలు మీద వేలు పెట్టి చూపించమంటాను. తరువాత యంత్రాన్ని వారి చేతులతోనే, వారి పద్ధతిలోనే నడపమంటాను. మంగళవారం నేను కొలిచిన అంకెలో తప్పు లేదు. అది ఎవరి చేతి కింది అంకె అన్నది నేను అడగలేదు, అంతే. ఆ అడగకపోవడం రెండవ దెబ్బ దాకా తెచ్చింది.

15వ తేదీ సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు బడిలో కడ్డీలను పేర్చి చూసి లెక్కపెట్టారు. ఇచ్చినవి నాలుగు వందలు. తీసుకున్నవి మూడు వందల తొంభై ఆరు. తిరిగి వచ్చిన నాలుగూ చెక్కలో ముడి ఉన్నవి. వెడల్పు తప్పినవి సున్నా.