డీజిల్ బండికి మామ మర్యాద

2022 ఎండాకాలం. హుజూరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద, ఊరు దాటగానే నా రేకుల షెడ్డు. డీజిల్ బండ్లు తప్ప వేరేవి ముట్టను. ఆ మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకునే సరికి ఒక ట్రాక్టరు, దాని వెనక తాడుకు కట్టిన తెల్ల కారు వచ్చి నిలబడ్డాయి. నాకు తిండి యోగమే గానీ నిద్ర యోగం లేదు.

ట్రాక్టరు నడిపినాయన పేరు మల్లయ్య, మెడలో తువ్వాల వేసుకున్న పెద్దమనిషి. కారు స్టీరింగు పట్టుకున్నది ఆయన చిన్నల్లుడు సురేశ్. పక్కన మల్లయ్య బిడ్డ లావణ్య. సురేశ్ దుబాయిలో ఏళ్ళ తరబడి కష్టపడి, ఆ సంపాదనంతా పెట్టి ఈ పాత డీజిల్ కారు కొన్నాడు. టాక్సీగా తిప్పుకుంటూ ఇక్కడే ఉండిపోదామని ఆశ. కొన్నాక మొదటిసారి పెద్దమ్మ తల్లి పండగకు అత్తగారింటికి తెచ్చాడు. తిరిగి బయల్దేరితే, ఊరు దాటిన కాసేపటికే ఇంజిన్ టకటకమని కొట్టుకుని, గుంజుడు తగ్గి, పొగ వదిలి ఆగిపోయిందట. ఫోన్ చేస్తే మామ ట్రాక్టరు వేసుకొచ్చి ఇక్కడిదాకా లాక్కొచ్చాడు.

"ఆగినంక సెల్ఫు కొట్టినవా?" అని అడిగాను.

"కొట్టిన అన్నా. బ్యాటరీ దిగేదాంక కొట్టిన."

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు ఆగిందో చూడకుండా సెల్ఫు మీద సెల్ఫు కొట్టేవాళ్ళంటే నాకు అసలే పడదు. నాలుగు మాటలు అన్నాను, పాపం పడ్డాడు. బండిని ఎవరైనా ముట్టుకున్నారా, ఏమైనా పోశారా అంటే లేదన్నాడు. మల్లయ్య కూడా లేదంటూ రోడ్డు వైపు చూశాడు. లావణ్య అసలు మాట్లాడనే లేదు. డాక్టరుకైనా నిజం చెప్తారేమో గానీ మెకానిక్‌కు చెప్పరు జనం.

ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పోయే డీజిల్‌ను వడగట్టే డబ్బాను ఫ్యుయల్ ఫిల్టర్ అంటారు. దాని కింది ప్లగ్గు విప్పి, వచ్చింది ఒక గాజు సీసాలో పట్టాను. డీజిల్ అయితే వేళ్ళ మధ్య రుద్దినప్పుడు జిడ్డుగా నిలవాలి. ఇది చల్లగా తగిలి ఇట్టే ఆరిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాక ఇంకేం అనుమానం, సగానికి సగం పెట్రోలు.

డీజిల్ బండిలో పెట్రోలు పడితే మామూలు సంగతి కాదు. డీజిల్ మండడమే కాదు, హై ప్రెషర్ పంపుకు నూనెలా కూడా పనిచేస్తుంది. ఇంజిన్‌లోకి డీజిల్‌ను బలంగా నెట్టేది ఆ పంపే. పెట్రోలు ఆ జిడ్డును కడిగేస్తే లోపల ఇనుము ఇనుము ఒరుసుకుని రజను రాలుతుంది. ఆ రజను పాకిందంటే పంపుతో పాటు డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు కూడా మార్చాలి. పాత కారు కొన్నంత పని.

ఇదంతా చెప్పేసరికి సురేశ్ ముందురోజు కరీంనగర్‌లో డీజిల్ పోసిన బంకువాణ్ణి తిట్టడం అందుకున్నాడు. ఇప్పుడే పోయి వాడి చొక్కా గల్లా పట్టుకుంటానని లేచాడు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. తప్పు బంకులోనే జరిగి ఉంటే కారు కరీంనగర్ పొలిమేర దాటేది కాదు. ఇది సాఫీగా అత్తగారింటికి చేరింది, తెల్లారి బయల్దేరాకే చెడింది.

నేను ఈ ఆలోచనలో ఉండగా మల్లయ్య నా సీసా పక్కనే గొంతుక్కూర్చుని, నోట్లో బీడీ పెట్టి అగ్గిపెట్టె తీశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొరివితో తల గోక్కుంటవా కాకా అని అగ్గిపెట్టె గుంజుకున్నాను. వంగినప్పుడు పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. సీసాలోంచి కాదు, ఆయన మెడలోని తువ్వాల లోంచి. నేను ఆయన ముఖంలోకి చూశాను. అల్లుడికి కనబడకుండా రెండు చేతులూ జోడించాడు. నోరు మూసుకున్నాను.

అంతలో సురేశ్ కోపమంతా దిగిపోయి పాత టైరు మీద కూలబడ్డాడు.

"పంపు పోయిందా అన్నా? పోతే నేను మల్ల దుబాయి పోవుడే."

ఆ మాట వినగానే లావణ్య లేచి తండ్రి ముందు నిలబడింది.

"బాపూ, నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా? పొద్దుగాల్నుంచి నీ తువ్వాల వాసనొస్తంది."

మల్లయ్య తువ్వాల తీసి చేతిలో నలుపుతూ ఒప్పుకున్నాడు. ముందురోజు అల్లుడు యాటకూర తిని నిద్రపోయినప్పుడు, డబ్బాల్లో పెట్రోలు తెచ్చి తానే పోశాడట. ఒలికింది తువ్వాలతో తుడిచాడు.

"పెద్దల్లుడు మోటర్ సైకిల్ తెచ్చిననాడు టాంకు నిండ పెట్రోల్ పోపిచ్చిన. నువ్వు కారు తెస్తే డీజిల్ పోస్తనా? డీజిల్ నా ట్రాక్టర్ల పోస్త. అల్లుని బండి, నా ట్రాక్టరు ఒక్కటేనా? పైసలకు ఎనకాడి డీజిల్ కొట్టిస్తున్నవనుకున్న బిడ్డా."

జీవితమంతా డీజిల్ ట్రాక్టరు తోలిన మనిషి! నాకు నవ్వు ఆగలేదు, కానీ సురేశ్ ముఖం చూసి దగ్గుగా మార్చుకున్నాను. ముందు పంపు సంగతి చూద్దాం, కొట్లాట తర్వాత పెట్టుకోండి అని పనిలోకి దిగాను.

ట్యాంకు దించి మొత్తం ఒంపేశాను. ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితాన్ని తెల్లగుడ్డ మీద ఎండలో పరిచాను. పంపు వాడగా మిగిలింది మళ్ళీ ట్యాంకుకు చేరి ఈ ఫిల్టర్‌లోంచే వస్తుంది, ఇనుప రజను ఉంటే ఇక్కడే చిక్కి ఎండకు మెరుస్తుంది. మెరిసిందంటే పంపు పోయినట్టే. నలుగురం తలలు ఆనించి వంగాం. మల్లయ్య ధర్మపురి నర్సింహస్వామికి తలనీలాలు మొక్కాడు. ఆయన నెత్తి మీద స్వామికి ఇవ్వడానికి పెద్దగా ఏం లేదు గానీ మొక్కు మాత్రం గట్టిగానే మొక్కాడు. కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, భూతద్దం పెట్టి మరీ చూశాను. ఎక్కడా మెరుపు లేదు. ట్యాంకులో పాత డీజిల్ సగం ఉండబట్టి బతికింది. సురేశ్ నా చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు, నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి.

లైన్లు కడిగి కొత్త ఫిల్టర్ వేశాను, దిగిపోయిన బ్యాటరీకి చార్జింగ్ పెట్టాను. మల్లయ్య తానే బంకుకు పోయి డీజిల్ తెచ్చాడు. డీజిలే గదా, డీజిలే గదా అని అడిగితే బంకు పిలగాడు విసుక్కున్నాడట. సెల్ఫు కొట్టగానే ఇంజిన్ దగ్గి, తెల్లపొగ వదిలి, మెల్లగా దారిలో పడింది. సురేశ్ అప్పటిదాకా మామతో ఒక్క మాట మాట్లాడలేదు. కారు ఎక్కబోతూ ఆగాడు.

"మామా, ఇగనుంచి నన్ను జర తక్కువనే చూడు. నీ ట్రాక్టర్ల ఏది పోస్తవో నా బండిల గదే పోయి."

మల్లయ్య నవ్వబోయి ఏడ్చేశాడు. లావణ్య ఆ తువ్వాల ఇవ్వబోయి, వాసన గుర్తొచ్చి, తన కొంగుతోనే ఆయన కళ్ళు తుడిచింది.

ఇన్నేళ్ళ పనిలో పగబట్టి ఒకరి బండి చెడగొట్టినవాణ్ణి నేను చూడలేదు. చెడగొట్టి తెచ్చినవాళ్ళంతా ఆ బండివాడికి కావలసినవాళ్ళే. అందుకే ఆనాటి నుంచి డీజిల్ బండి ఏది ఆగిపోయి వచ్చినా, బానెట్ ఎత్తకముందే ఒక మాట అడుగుతాను, అత్తగారింటి నుంచి వస్తున్నవా అని.