బంతి వస్తే కళ్ళు మూసుకునే మనిషి

"మర్చిపోయిందా, వదిలేసి పోయిందా? నువ్వే చెప్పు చెల్లీ. మా చిన్నది తల దువ్వుకోవడం మర్చిపోతుంది, అన్నం తినడం మర్చిపోతుంది, ఓసారి బడికి ఖాళీ సంచీ తగిలించుకుని వెళ్ళొచ్చింది. అంతా ఒప్పుకుంటాను. కానీ ఈ గ్లవ్స్ మర్చిపోయిందంటే మాత్రం నేను నమ్మను. రాత్రిళ్ళు వీటిని తలకింద పెట్టుకుని పడుకునే పిల్ల అది."

వంటింటి బల్ల మీద ఒక జత గోల్‌కీపర్ గ్లవ్స్ అరచేతులు పైకి పెట్టుకుని పడున్నాయి. పాస్టరమ్మ వాటిని ముట్టుకోవడం లేదు. పోలీసులు వచ్చేదాకా ఎవరూ కదపకూడదన్నట్టు బల్ల చుట్టూ తిరుగుతోంది. సింకులో అడుగు మాడిన పాలగిన్నె నానుతోంది. గదంతా మాడు వాసన. ఆ వాసన నాకు కొత్త. మా వీధి చివరే వాళ్ళ ఇల్లు. వారం వారం వచ్చి, తెలుగులో నాలుగు మాటలాడి, టీ తాగి వెళ్తుంటాను. పొయ్యి మీద పాలు పెట్టి పక్కకి చూసే మనిషి కాదావిడ.

"ఆట ఎన్నింటికక్కా?"

"మూడింటికి. అదే చెప్పింది. దాని మాట మీద గురి కుదరక బడి వాచ్‌మన్ని అడిగాను. వాడి మీదా గురి కుదరక, ఆటలు చూడ్డానికొచ్చే గొడుగావిడని అడిగాను. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. ముందే కూడబలుక్కున్నారేమో!"

"టైముందిగా. బయల్దేరు మరి."

"ఎలా బయల్దేరను? చిన్నది రావద్దంది కదా."

పాస్టరుగారికి మిషన్ వాళ్ళు ఏ దేశం చూపిస్తే అదే సొంత దేశం. ఇది మూడోది. కింద ప్రార్థన హాలు, పైన రెండు గదులు, ఈ వంటిల్లు. మంచాలు, కుర్చీలు, బీరువా అన్నీ మిషన్‌వే. వంటింటి బల్లని తిరగేస్తే అడుగున తెల్లరంగుతో వేసిన నంబరు ఉంటుంది. మంచం కింద ఓ సూట్‌కేసు ఎప్పుడూ సగం సర్దే ఉంటుంది. ఇలాంటి బతుకులో ఏ ఊళ్ళోనైనా ముందుగా చోటు సంపాదించుకున్నది పిల్లలే, అదీ బడి మైదానంలో. ఇప్పుడు దూరంగా హాస్టల్లో ఉంటున్న పెద్దవాడు మొదటి దేశంలో పరుగు పందాలకి వెళ్ళేవాడు. అక్కడి భాష ఆవిడకి ట్రాకు పక్కన నిలబడి వచ్చింది. ఇక్కడి భాష చిన్నదాని పుణ్యమా అని గోలుపోస్టు వెనక వచ్చింది. అందుకే కూరగాయల కొట్టతను తూకంలో చెయ్యి చూపిస్తే ఆవిడ నోట్లోంచి ముందుగా వచ్చే మాట, "ఫౌల్!" ఆవిడ సంచీ పట్టుకుని వస్తుంటే చాలు, ఆ మనిషి ఇప్పుడు నవ్వుతూ రెండు చేతులూ పైకెత్తేస్తాడు.

అనుమానం ఆవిడకి ఉగ్గుపాలతో వచ్చింది. తాళం వేశాక రెండుసార్లు లాగి చూడనిదే మెట్టు దిగదు. పాస్టరుగారు అంటుంటారు: "రేపు పరలోకం గుమ్మం దగ్గర పేతురు తాళంచెవి తీస్తే, అది అసలుదా, మారు తాళమా అని మీ అక్క నిలదీస్తుంది చూడు." ఆవిడ తగ్గదు. "అడగొద్దా మరి? అంత దూరం వెళ్ళి మోసపోవాలా?"

అలాంటి మనిషికి కూతురు తప్పు టైము చెప్పింది. అదీ కథ.

"కిందటిసారి నాలుగింటికి ఆట అంది," పాస్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పని తెముల్చుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళానా. మైదానం బోసిగా ఉంది. గ్రౌండు చూసుకునే ముసలాయన వల విప్పి చాపలా చుడుతున్నాడు. 'ఆట ఎప్పుడో అయిపోయింది. మీ గోడ ఇవాళ భలే ఆడింది' అన్నాడు."

గోడ అంటే చిన్నదే. జట్టులో పిల్లలు దానికి పెట్టుకున్న ముద్దుపేరు. బంతిని లోపలికి పోనివ్వదని.

"ఇంటికొచ్చి అడిగితే, 'టైము మారిందమ్మా, నాకే ఆఖర్న తెలిసింది' అంది. నా కళ్ళలోకి చూడకుండా అంది. అప్పుడే అనుకున్నాను, దీని వెనక ఎవరో ఉన్నారని. ఆ కోచ్ మీదే నా అనుమానం. ఎప్పుడు చూసినా నవ్వుతుంటాడు. ఊరికే నవ్వేవాడిని మా నాయనమ్మ గడప తొక్కనిచ్చేది కాదు."

"ఆయనకేం పని అక్కా, నిన్ను రాకుండా చెయ్యడానికి?"

"మేం చేసే పని చెల్లీ! పాస్టరు కుటుంబం ఎక్కడికెళ్ళినా మతంలో కలుపుకోవడానికే వస్తారని కొంతమందికి భయం. ఆటకొచ్చి పిల్లల్ని వలేసి పడతామనుకున్నారేమో. గొడుగావిడ సంగతే తీసుకో. ఎండ లేకపోయినా, వాన లేకపోయినా ఆవిడ గొడుగు తెరుచుకునే ఉంటుంది. మొదట్లో ఆ గొడుగు కింద నాకూ చోటుండేది. కొన్నాళ్ళకి గొడుగు పక్కకి జరిగింది. ఇంకొన్నాళ్ళకి మనిషే జరిగింది. బెంచీ మీద నేనూ, నా సంచీ మిగిలాం. మనసుకి తెలీదా ఏంటి?"

పాస్టరమ్మ ఊరుకోలేదు. కోచ్ దగ్గరికి వెళ్ళి, మా పని మీకు నచ్చకపోతే ఆ మాట నాతో అనండి, పిల్లకి ఎక్కించకండి అని నిలదీసింది. వంగి బూటు లేసు కట్టుకుంటున్న ఆయన లేసుకి ఇంకో ముడి వేశాడట. ఆఖరికి, "మీ అమ్మాయినే అడగండమ్మా" అన్నాడట.

"తప్పున్నవాళ్ళే అలా అవతలి వాళ్ళ మీదకి తోస్తారు," అంది పాస్టరమ్మ. "ఇంక లాభం లేదని ప్రాక్టీసు రోజున దాని వెనకాలే వెళ్ళాను. చెప్పకుండా."

"అక్కా!"

"ఏం చెయ్యమంటావు? సామాన్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఉందిగా, దాని చాటున నిలబడ్డాను. చీర కుచ్చిళ్ళకి తీగ పట్టుకుని చిరిగింది కూడా. అది గోలులోకి వెళ్ళే ముందు ఏం చేసిందో తెలుసా? కంచె ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది, దొంగ కోసం వెతికినట్టు. నా కోసమే చెల్లీ. నేను రాలేదని ఖాయం చేసుకున్నాక దాని భుజాలు ఇలా కిందికి దిగాయి."

తన భుజాలు దించి చూపించింది. నేను లేచి టీ కలపబోతే, "కూర్చో, పాలు లేవు, అదీ చెబుతాను" అంది.

ఇంతలో ఒక పొడుగు పిల్ల బంతిని గట్టిగా తన్నింది. బంతి చిన్నదాని వైపు దూసుకొచ్చింది. షెడ్డు చాటున పాస్టరమ్మ తనకి తెలియకుండానే కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బంతి కూతురి చేతుల్లో ఉంది. ఆనందం పట్టలేక "స్తోత్రం!" అని అరిచేసింది. దాంతో దాక్కున్న చోటు బయటపడింది.

"ఇంటికి నడిచొస్తున్నాం. వీధి సగం దాకా వచ్చాం. తర్వాత అడిగింది, 'ఇందాక ఆ బంతి ఎలా ఆపాను?' అని. రెండు చేతుల్తో అన్నాను. 'కాదు. కాలితో ఆపాను. తర్వాత చేతుల్లోకి తీసుకున్నాను' అంది. అయితే ఏమైందే అన్నాను. ఆగిపోయింది చెల్లీ, రోడ్డు మధ్యలో. 'ఇన్నాళ్ళూ ప్రతి ఆటకీ వచ్చావు. నేను బంతి ఆపడం ఒక్కసారైనా చూశావా అమ్మా?' అంది."

పాస్టరమ్మ గ్లవ్స్ వైపు చూసింది. అప్పుడు కూడా ముట్టుకోలేదు.

మిగతాది కూతురు ఆ రోడ్డు మీదే చెప్పిందట. బంతి దగ్గరికి రాగానే అమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదపడం అందరూ చూస్తున్నారు. ఒకసారి అలా కదుపుతుండగానే అవతలి జట్టు పిల్ల జారిపడి మడమ మెలిపెట్టుకుంది. గొడుగావిడ ఆ పిల్లకి పిన్ని. ఆ గోడ వాళ్ళమ్మ మా పిల్లల మీద ఏదో చదువుతోంది, కాస్త చూడండి అని ఆవిడే కోచ్‌కి చెప్పింది. కోచ్ నవ్వి కొట్టిపారేశాడు. జట్టులో పిల్లలు మాత్రం కొట్టిపారెయ్యలేదు.

"మంత్రాలట! నేనట! ఊరూరా తాయెత్తులు కట్టుకోవద్దని చెప్పే ఇంటి మనిషిని!" పాస్టరమ్మ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "అది నాకు పెద్ద బాధనిపించలేదులే. పిల్ల అన్న ఇంకో మాట ఉంది, అదే నిద్రపోనివ్వడం లేదు. 'నేను ఎంత కష్టపడి ఆపినా, గోడ ఆపింది అనడం మానేశారమ్మా. గోడ వాళ్ళమ్మ ఆపింది అంటున్నారు' అంది."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక మళ్ళీ మళ్ళీ కిక్కు కొడుతున్నారు. ఆవిడ లేచి కిటికీ రెక్క వేసి, మళ్ళీ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"అందుకని తప్పు టైము చెప్పిందన్నమాట," అన్నాను.

"అందుకే. ఇవాళ్టి ఆటకి టైము నిజమే చెప్పింది గానీ, 'కళ్ళు మూసుకునేటట్టయితే రావద్దు' అంది. మూసుకోకుండా ఎలా? చిన్నప్పుడు ప్రార్థనలో కన్ను తెరిచానంటే మా నాన్న మొట్టికాయ టంగుమనేది. కళ్ళు తెరిచి నాకు ప్రార్థన రాదు. బంతి దాని మీదకొస్తుంటే ప్రార్థన చెయ్యకుండా ఉండటమూ రాదు. పాస్టరుగారిని అడిగితే, 'నువ్వు చూసినా, చూడకపోయినా ప్రభువు వింటాడు. పిల్లకి మాత్రం నువ్వు చూడాలి' అని బైబిలు పట్టుకుని కిందికి వెళ్ళిపోయారు. మగవాళ్ళకి ఎంత తేలికో చూడు."

"మరి ఈ గిన్నె?"

ఆవిడ కాస్త సిగ్గుపడింది. "ప్రాక్టీసు. దానికొక్కదానికేనా? పాలు పొయ్యి మీద పెట్టి, గిన్నెలోకి చూస్తూ ప్రార్థన మొదలుపెట్టాను. ఆమెన్ అనేసరికి పొయ్యంతా పాలు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే, అడుగు కూడా మాడింది. ఆఖరికి పావుగ్లాసు మిగిలితే అవీ పెట్టాను. పొంగు వచ్చేది కనిపించింది చెల్లీ. నోట్లో ప్రార్థన ఉంది, కళ్ళకి పొంగు కనిపించింది. ఠక్కున కట్టేశాను. అంటే వచ్చినట్టేగా?"

"వచ్చినట్టే. వెళ్దాం పద."

"పావుగ్లాసు పాలూ, తొంభై నిమిషాల ఆటా ఒకటేనా?" మొహంలో అనుమానం మళ్ళీ దిగింది. "పైగా ఈ గ్లవ్స్. కోచ్ దీన్ని తీసేసి ఇంకో పిల్లని గోలులో పెడుతున్నాడేమో. ఆ సంగతి నాకు చెప్పలేక వీటిని ఇక్కడ పారేసి పోయిందేమో. బడికి సెలవులివ్వగానే మకాం మార్చమని మిషన్ నుంచి కబురొచ్చింది, నీకు చెప్పాగా. ఈ జట్టుతో దానికి ఇదే ఆఖరి ఆట. ఇవాళ చూడకపోతే ఈ ఊళ్ళో అది ఆడిన ఆట నేను చూడనట్టే."

ఈ లెక్కలన్నీ వింటూ నేను గదిని చూస్తున్నాను. గ్లవ్స్ పక్కన మడత పెట్టిన తువ్వాలు. ఇటు పొయ్యి, అటు సింకు.

"అక్కా, వీటిని అది మామూలుగా ఎక్కడ పెడుతుంది?"

"తలగడ కింద. లేదా మంచం కోడుకి వేలాడేస్తుంది. అడ్డమైన చోటా పెట్టదు."

"మరి వంటింటి బల్ల మీదకి ఎలా వచ్చాయి? ఇక్కడ పెడితే ఎవరి కంట పడతాయి?"

పాస్టరమ్మ నడక ఆగింది. తలుపు వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది, బల్ల వైపు చూసింది.

"పొద్దున్న నేను గిన్నె పెట్టి కళ్ళు పెద్దవి చేసి నిలబడితే, అది గుమ్మంలో నిలబడి బూట్లు వేసుకుంటోంది," అంది నెమ్మదిగా. "నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఏమీ అడగలేదు కూడా." గ్లవ్స్ మీదకి వంగి చూసింది. "అంటే, నేను తెచ్చివ్వాలని పెట్టిందంటావా?"

"నాకేం తెలుసు?"

"నోటితో 'అమ్మా, రా' అంటే దీని సొమ్మేం పోయింది? మొండిఘటం."

"ఎవరి పోలికో!"

"వాళ్ళ నాన్న పోలిక," అంది తడుముకోకుండా. అప్పటికి గ్లవ్స్ ముట్టుకుంది. ఒకదాని బొటనవేలు దగ్గర ఊడిన కుట్టు చూసి, గూట్లో ఉన్న సూదీదారం తీసి నాలుగు కుట్లు వేసింది. దారం పళ్ళతో తెంపింది. "ఇందులోనూ ఏదో మెలిక ఉంటుంది. రప్పించి, మూసుకుంటానో లేదో పరీక్ష పెడుతుందేమో."

"పెట్టనీ."

"పెట్టనీ," అంది ఆవిడ కూడా, మొదటిసారి అనుమానం లేకుండా.

తర్వాత ఒక్కసారిగా హడావుడి మొదలైంది. నన్ను కుర్చీలోంచి లేపింది, నా చెప్పులు కాలితో గుమ్మం వైపు జరిపింది.

"నువ్వు ముందు నడు చెల్లీ. నాకు గ్యాసు కట్టేశానో లేదో మళ్ళీ చూసుకోవాలి, కిటికీలు చూసుకోవాలి, తాళం లాగాలి, ఆలస్యమవుతుంది. గ్లవ్స్ నేనే తెస్తాను, నీకివ్వను. గోలు వెనక కాదు, పక్కనున్న బెంచీ పట్టు. గొడుగావిడ పక్కనే కూర్చో, జరిగితే నువ్వూ జరుగు. నాకు నీ ఎడమ పక్కన చోటుంచు. ఇంకో మాట. బంతి చిన్నదాని వైపు వస్తున్నప్పుడు నువ్వు ఆట చూడొద్దు, నా మొహం చూడు. రెప్ప కాస్త వాలిందా, గిల్లు. మర్యాదగా కాదు, తోలు లేచేలా గిల్లు. నేను అరుస్తాను. అరిచినా వదలకు."