తునికి మొక్కకు రాసింది ఎవరు

నేను కాపురానికి వచ్చేసరికే మా ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారు. తర్లగూడ నుంచి అడవి దారిన పోతే వచ్చే ఊరు మాది. అప్పటికి ఇదంతా రాజుగారి రాజ్యం, రాజుగారి అడవి. బావ, తోటికోడలు వాగు అవతల ఇల్లు వేసుకున్నారు. అత్త మాతో ఉండేది. పొలం పంచుకున్నారు, ఇప్పచెట్లు పంచుకున్నారు, చివరికి ఎడ్లనూ పంచుకున్నారు. ఉన్నదే ఒక జోడు. ఒక ఎద్దు వాళ్ళ కొట్టంలో, ఒకటి మా కొట్టంలో. వాన పడ్డాక రెంటినీ ఒక కాడికి కట్టి ముందు వాళ్ళ చేను, తరువాత మా చేను దున్నాలని మాట. ఒంటెద్దుతో ఎవరి చేనూ సాగదు. అందుకే లోపల ఎంత కోపమున్నా పైకి నవ్వుకుంటూ ఉండేవాళ్ళం.

ఆ ఏడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో నేనూ అత్తా తెల్లవారుతుండగా గంపలు తీసుకుని మా చెట్టు కిందికి పోయాము. పువ్వు పలచగా ఉంది. ఏరడానికి అత్త వంగలేదు. చెట్టు పక్కనే ఉన్న తునికి మొక్క వంక చూస్తూ నిలబడిపోయింది. మొక్కకు నడుమెత్తున నల్ల బెరడు లేచిపోయి, లోపలి చెక్క తడితడిగా మెరుస్తోంది.

మా దగ్గర ఇప్పచెట్టుకు ఎవరూ గొడ్డలి తగిలించరు. చెట్టు ఫలానావాళ్ళదని తెలపాలంటే పక్కనున్న మొక్కకు బెరడు లేపి గుర్తు పెడతారు. అత్తకు ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"గుర్తు పెట్టిండ్రు," అంది. "చేను దీసుకున్నది చాలలే, నా చెట్టు గూడ గావాల్నంట దానికి."

దానికి అంటే నా తోటికోడలికి. పెద్దకొడుకు మీదికి మాట పోనిచ్చేది కాదు ఆమె. ఏదైనా కోడలి మీదికే.

నేను మొక్క దగ్గర కూర్చుని చూశాను. గొడ్డలి పడితే అంచు కోసినట్టుంటుంది. ఇక్కడ బెరడు పైకీ కిందికీ పీచులుగా వేలాడుతోంది. చెక్క మీద సన్నటి గీరలు. పీచుల్లో ఎర్రటి పొట్టి వెంట్రుకలు చిక్కుకున్నాయి. కింద ఆకులు చెదిరి, మట్టిలో కొనదేరిన గిట్టల అచ్చు పడింది. కాస్త ఎడంగా నల్లటి పెంటికలు, ఇంకా ఆరలేదు. మగదుప్పి కొమ్ములను చెట్టుకు రుద్దితే మా పుట్టింటి వైపు రాసింది అంటారు. ఆ మాటే నోట్లోంచి వచ్చింది.

"దుప్పి రాసింది అత్తా."

"దుప్పి రాసిందా? ఏ బడిల జదివింది?"

అంతటితో ఊరుకోలేదు. నీదీ దానిదీ ఒక్క ఊరే గదా, అందుకే దాన్ని మోస్తున్నావంది. మా ఇద్దరిదీ ఒక్క ఊరేనన్నది నిజమే. నేను వంగి పువ్వు ఏరుకున్నాను.

ఇంటికి రాగానే అత్త, సంతనాడు పెద్దల్ని కూర్చోబెట్టాలని కొడుకుతో చెప్పింది. నా పెనిమిటి ఎద్దుకు కుడితి పెడుతూ, పెద్దల దాకా పోతే అన్న తన ఎద్దును ఇవ్వడని మెల్లగా గుర్తుచేశాడు. ఇయ్యకపోతే గడ్డి తిందామంది అత్త. ఆ రోజంతా వాగు అవతలి పొగను కూడా అనుమానంగానే చూసింది. ఈ వేళప్పుడు పొయ్యి ఎందుకు వెలిగింది, ఎవరి పువ్వు ఉడుకుతోంది అని. నేను నీళ్ళకు పోతే తోటికోడలు నన్ను చూసి, బిందె సగానికే ముంచుకుని వెళ్ళిపోయింది. ఏమీ ఎరగని మనిషి ఎందుకట్లా పోతుందని నాకు కూడా అనుమానం పుట్టింది.

మర్నాడు పొద్దున బావ వచ్చాడు. గడప తొక్కలేదు.

"అమ్మా, మా చెట్టు కాడ గొడ్డలి పెట్టింది ఎవలు? నువ్వా, తమ్ముడా?"

వాళ్ళ ఇప్పచెట్టు పక్కన తునికి మొక్కకూ బెరడు లేచిందట. నిన్న తోటికోడలు సగం బిందెతో పోయింది అందుకే. మేము వాళ్ళను అనుకున్నదే వాళ్ళు మమ్మల్ని అనుకున్నారు. ఈసారి నా ఎద్దు నా కొట్టంలోనే ఉంటుందని చెప్పి బావ వెనక్కి తిరిగాడు.

ఇక ఊరుకుంటే రెండు చేలూ బీళ్ళే. బావతో నేను సూటిగా మాట్లాడకూడదు. కొంగు తలమీదికి లాక్కుని, అత్తతో అన్నట్టుగానే ఆయనకు వినబడేలా అన్నాను, ఆ చెట్టు నుంచి ఈ చెట్టు దాకా ఒక్కసారి నడిచి చూద్దామని.

తల్లీకొడుకులిద్దరూ ఎడమెడంగా నడిచారు. వాళ్ళ చెట్టు దాటాక, ఎవరి ఇప్పచెట్టూ లేని చోట ఇంకో మొక్కకు బెరడు లేచి ఉంది. కాస్త పైకి పోతే మరొకటి. అన్నిటికీ వాగు వైపే లేచింది. దుప్పి నీళ్ళు తాగి గట్టెక్కి, ఎదురైన మొక్కకల్లా రాసుకుంటూ మా చెట్టు దాకా వచ్చింది. ఆ దారంతా దాని గిట్టలే. రెండు చెట్ల కిందా పువ్వు మేసింది కూడా అదే. ఇప్పచెట్టే లేని చోట గుర్తు ఎవరు పెడతారత్తా అని అడిగాను.

బావ పీచులోంచి వెంట్రుకలు తీసి అరచేతిలో పెట్టి చూశాడు. వాన పడనీ, ఎద్దును తోలుకొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన వాగు దాటేదాకా ఆగి, అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నీకెట్ల ఎరుక ఇదంత? మీ నాయిన ఏం జేస్తడు?"

చేను చేస్తాడన్నాను.

"చేను జేసేటోనికి దుప్పి పెంటికలతోని పనేంది?"

దుప్పులు మా చేను మేసేవి, అందుకని జాడ చూసేవాడని చెప్పాను.

"మేసినదాన్ని ఊకెనే పంపిండా?"

రాజుగారి అడవిలో దుప్పిని కొట్టి తిన్నవాణ్ణి ఠాణాకు పట్టుకుపోయే కాలమది. నేను గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచాను. ఈ ముచ్చట వాగు దాటొద్దని అత్త వెనక నుంచి అంది.

వాన పడ్డాక జోడు కట్టారు. మాట ప్రకారం ముందు వాళ్ళ చేను, తరువాత మాది దున్నారు. గట్టు మీద అందరూ ఎడ్లను చూస్తుంటే అత్త నన్ను చూస్తూ కూర్చుంది. అది మొదలు మా పుట్టింటి నుంచి ఎవరు ఏ మూట తెచ్చినా, నా చేతికి రాకముందే ఆమె విప్పి వాసన చూసేది.